రమేయమ్మ రోలు

బార్సిలోనా,
14 మార్చి 1976

ఒరే ఉచ్చీరప్పా,

జిలాని బాషా సముద్రంలో పడి చేపల పాలయ్యాడని ఆదోనిలో ఎవరైనా అంటుంటే, కాలేదని చెప్పు. బతికే ఉన్నాను. రెండు పూటలా తింటున్నాను కూడా. బొంబాయిలో ఎక్కిన సరుకు ఓడలో రెండేళ్ళు ఉల్లిగడ్డలు తరిగాను కదా, ఆ ఓడ ఈ ఊరి రేవులో చెడిపోయి నిలబడింది. కంపెనీవాళ్ళు చేతులెత్తేశారు. తక్కినవాళ్ళంతా ఇంటిదారి పట్టారు. నేను ఇక్కడే ఒక హోటల్లో పనికి కుదిరాను.

హోటలంటే మన పత్తి మార్కెట్టు ముందరి బజ్జీల హోటలు అనుకుంటావేమో. తెల్లగుడ్డలు పరిచిన పద్నాలుగు బల్లలు, వకీళ్ళు, డాక్టర్లు వచ్చి మెత్తగా మాట్లాడుకుంటూ తినే చోటు. పేరు 'కా లా రమేయ్', అంటే రమేయ్ ఇల్లు. దేశం స్పెయినే గాని ఈ సీమవాళ్ళు తమది కటలోనియా అంటారు. భాష వేరు, తిండి వేరు. తొంభై ఏళ్ళ కింద రమేయ్ అనే అవ్వ బండ్లు తోలేవాళ్ళకు చేపల పులుసు వండిపెట్టి మొదలుపెట్టిందట. ఆమె తర్వాత కూతురు. ఇప్పుడు మనుమరాలు. ఈమెకూ అవ్వ పేరే. డెబ్బై ఏళ్ళు, వీపు నిటారు. నేను రమేయమ్మా అని పిలుస్తాను. అలా పిలిస్తే ఆమెకు ఇష్టం.

ఇన్నేళ్ళు దేశాన్ని ఏలినాయన కాలంలో వీళ్ళ భాషలో బోర్డు కూడా పెట్టనివ్వలేదట. వచ్చే పెద్దమనుషులు ఫ్రెంచి వంటలే కావాలనేవారట. ఆయన మొన్న నవంబరులో పోయాడు. జనవరిలో ఈమె ఫ్రెంచి వంటల జాబితా తీసి పొయ్యిలో పెట్టి, ఇకమీద మా అవ్వ వండిందే ఈడ పెడతాం అంది. (ఆమె మాటలు నీకు మన మాటల్లోనే రాస్తాను, నాకు అలాగే వినిపిస్తాయి.)

ఇక్కడే వచ్చింది తంటా. పులుసు దించేముందు బాదంపప్పు, తెల్లగడ్డ, వేయించిన రొట్టె, కుంకుమపువ్వు, ఏదో కొత్తిమీర లాంటి ఆకు రోట్లో దంచి కలుపుతారు. దాన్ని 'పికాద' అంటారు. వంటంతా ఒక ఎత్తు, ఆ దంచింది ఒక ఎత్తు. దంచేది నేనే. ఎవరికీ ఓపిక లేని పని గనక నాకు ఇచ్చారు. పెళ్ళిళ్ళకు మసాలా నూరిన బషీరాబీ కొడుకుని, నాకిది లెక్కా అనుకున్నాను. కాని రోజూ రమేయమ్మ చెంచాతో రుచి చూస్తుంది, చెంచా కింద పెడుతుంది, "ఇది కాదు" అంటుంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఏటా ఒక పుస్తకం వేస్తారు ఇక్కడ. ఎవరో ఏమో చెప్పకుండా వచ్చి తిని, బాగుంటే హోటలు పేరు పక్కన నక్షత్రం వేస్తారు. ఈ ఏడు అది రాకపోతే అమ్మేస్తానని ఆమె కొడుకు మార్తీ ఖండితంగా చెప్పాడు. వీధి మూలనున్న స్థలం కావాలని బ్యాంకువాళ్ళు తిరుగుతున్నారు. హోటలు పోతే రమేయమ్మ ఏమవుతుందో, నేను ఏమవుతానో తెలియదు. నాకు ఆ రుచి దొరకాలి ఉచ్చీరప్పా. ఎక్కడ తప్పుతోందో తెలియడం లేదు.

హనుమన్న పెదనాయనకు నా సలాము చెప్పు.

నీ జిలాని


ఆదోని,
20 ఏప్రిల్ 1976

జిలానికి ఉచ్చీరప్ప రాసేది ఏమంటే,

మేమంతా బాగున్నాం. నువ్వు బాగున్నావని నీ ఉత్తరం బరువు చూస్తేనే తెలిసింది. రోలు దంచడానికి ఇన్ని సముద్రాలు దాటి పోవాల్నా? మా వీధిలో దంచేవాళ్ళు లేక ఆడోళ్ళు అల్లాడుతున్నారు. ఇక్కడే ఉంటే పూటకో ఇల్లు చూపిస్తుంటి.

ఉలి పని బాగానే సాగుతోంది. నాయన బాగున్నాడు, నీ సలాము చెప్పాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. బాదం గురించి గాని, ఆ ఆకు గురించి గాని ఆయన ఒక్క మాట అడగలేదు. ఒకటే అడిగినాడు: "ఆ రోలుకు కక్కు కొట్టి ఎన్నాళ్ళయిందంట?"

నువ్వు నలభై పంక్తులు రాసి, రోలు గురించి ఒక్క ముక్క రాయలేదు. మీ అమ్మ రోలుకు ఏడాదికి రెండు మార్లు నాయన వచ్చి ఉలితో గంట్లు పెట్టేది మర్చిపోయినావా? కదలకుండా రెండు కాళ్ళతో రోలును తొక్కి పట్టుకునేది నువ్వే కదా. కక్కు అరిగిపోతే రోలు నున్నగా అవుతుంది. అప్పుడు పప్పు నలగదు, జారి పక్కకు పోతుంది. నూనె బయటికి రాదు. నువ్వెంత దంచినా పిండవుతుందే గాని రుచి దిగదు.

నడిమి వేలు లోపల పెట్టి అడుగు నుంచి అంచు దాకా లాగు. పట్టుకుంటే మంచిది. జారితే ఆ రోలు పని అయిపోయింది. దంచేటప్పుడు సద్దు కూడా విను. గరగర అనాల. టప్‌టప్ అంటే లాభం లేదు. అదేం రాయో కూడా రాయి. రాయిని బట్టి ఉలి.

మా ఇంటామె హంపమ్మ అడిగింది, వాళ్ళు అన్నం తినరా అని.

ఉచ్చీరప్ప


బార్సిలోనా,
18 మే 1976

ఒరే ఉచ్చీరప్పా,

వేలు జారింది. గాజుగిన్నెలో పెట్టినట్టే జారింది. సద్దు టప్‌టప్. రెండు నెలలు దంచి ఈ సంగతి గమనించనివాణ్ణి నేనెట్లా బషీరాబీ కొడుకునయ్యానో మరి. అమ్మ ఉండి ఉంటే గరిటెతో కొట్టేది.

ఇక్కడివాళ్ళ రోళ్ళు ఎక్కువ పాలరాతివి, చిన్నవి. ఇది కాదు. ఇది అవ్వ కొండ ఊరి నుంచి బండిలో వేసుకొచ్చిన రోలు. మన ఆదోని కొండ రాయి మాదిరే బూడిదరంగు, మధ్యలో నల్ల చుక్కలు. ఇద్దరు పడితే గాని లేవదు. దంచే చెక్క రోకలిని వీళ్ళు 'చెయ్యి' అంటారు.

మార్తీతో చెప్పి చూశాను. ఉలి పెట్టి కొంచెం గంట్లు వేస్తే చాలు అన్నాను. నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి, "మా ముత్తవ్వ రోలు అది. దాని మీద ఉలి పెట్టినోని చేతులు ఇరగ్గొడతా" అన్నాడు. రమేయమ్మను అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి దాన్ని తడిగుడ్డతో తుడుస్తుంది, ఎవరినీ తుడవనివ్వదు.

ఆమె నాకు మంచి చేసింది. నేను పంది మాంసం ముట్టనని, సారాయి పోసిన కూర తిననని తెలిసిన రోజే ఒక చిన్న కుండ తెచ్చి, ఇది జిలానీది, దీంట్లో వేరే ఏదీ వండకూడదని వంటవాళ్ళందరికీ చెప్పింది. నా పులుసు దాంట్లోనే కాగుతుంది. అందుకే అంటున్నాను, ఆమె అడిగిన రుచి ఒక్కసారి ఇవ్వాలని ఉంది.

ఆగస్టు నెలంతా హోటలు మూస్తారు. తెరిచాక పుస్తకం వాళ్ళు ఎప్పుడైనా రావచ్చట. కక్కు ఎట్లా కొట్టాలో పెదనాయనను అడిగి మొదటి నుంచి చివరి దాకా రాయి. తొందరగా రాయి. రోజూ పోస్టు కోసం మెట్ల మీద కూర్చుంటున్నాను.

జిలాని


ఆదోని,
2 జులై 1976

జిలానికి,

నీ ఉత్తరం నాకు ఆలస్యంగా అందింది. ఎందుకని అడగొద్దు. అందిన రోజే నాయన ముందర కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆయన మాటే ఇది:

"తడి ఇసకలో రోలును కుదురుగా పెట్టు. లేకుంటే ఎగురుతాది. ఉలి మొన బియ్యపుగింజ కంటే పెద్దగ ఉండకూడదు. అడుగున నడిమధ్య మొదలుపెట్టి, సుట్టూ తిరుక్కుంటా పైకి రావాల. కొట్టిన సోటే మళ్ళా కొట్టద్దు. అంచు కింద నాలుగు వేళ్ళ మందం నున్నగనే ఇడిసిపెట్టు. సద్దు మారిందంటే ఆడ లోపల నెర్రె ఉందని, ఆడ ఉలి తీసెయ్.

అయినంక కడిగి దంచుతానంటాడేమో. వద్దని సెప్పు. నీళ్ళకు రాతిపొడి పోదు. తొలిరోజు తడితవుడు ఏసి దంచాల. రెండోరోజు తవుడులో నూకలు కలిపి దంచాల. మూడోరోజు ఉప్పు, నూకలు. ప్రతిదినం ఆ దంచింది తీసి నీళ్ళలో కలిపి సూడాల. అడుగున ఇసక పేరితే ఇంకా రాయి రాల్తాందని. నీళ్ళు తేటగా నిలిచే దాకా మనిషి తినేది ఏదీ దాంట్లో ఎయ్యకూడదు. మూడు దినాలు. రెండున్నర కాదు."

రెండున్నర కాదని నాయన నిన్ను ఉద్దేశించే అన్నాడు. నీ సంగతి ఆయనకు తెలుసు. లెక్క చెయ్యకముందే పలక మీద 'అయిపోయింది' అని రాసేవాడివి.

ఉచ్చీరప్ప


బార్సిలోనా,
5 జులై 1976

ఉచ్చీరప్పా,

నీ ఉత్తరం రాలేదు. ఆరు వారాలు చూశాను. ఇక రాదేమో అనుకున్నాను. నాకు గుర్తున్నంత మటుకు చాలులే అనుకున్నాను.

జూన్ 27 ఆదివారం, హోటలు మూసి ఉంది. రేవులో రాతిపనివాళ్ళ దగ్గర ఒక ఉలి అడిగి తెచ్చుకున్నాను. కక్కు కొట్టాను. బాగా వచ్చింది. నీ నాయన కొట్టినట్టే సుడి తిరిగి పైకి వచ్చింది. చిన్నప్పుడు అమ్మ రోలును కాళ్ళతో తొక్కి పట్టుకున్నట్టే పట్టుకున్నాను. తర్వాత తొమ్మిదిసార్లు కడిగాను. వేలు పెడితే పట్టుకుంది. ఎంత సంతోషమేసిందో ఏం చెప్పను. సోమవారం మధ్యాహ్నం పికాద దంచాను. గరగరమంది. వాసన వంటిల్లంతా అల్లుకుంది. మార్తీ కూడా తలెత్తి చూశాడు.

పదకొండో బల్ల దగ్గర ఒక పెద్దమనిషి పులుసులో రొట్టె ముంచుకుని కొరికాడు. పన్ను పెచ్చు లేచింది. ఆయన ఎవరనుకున్నావు? పళ్ళ డాక్టరు. ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు. ఆ పూట అన్ని బల్లల మీదా ఇసుకే. అందరూ చెంచాలు కింద పెట్టేశారు.

మార్తీ నా కాలరు పట్టుకున్నాడు. రమేయమ్మ వచ్చింది. నన్ను చూడలేదు. రోట్లో చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత నా వైపు తిరక్కుండా, "పో" అంది.

రేవు దగ్గర ఓడవాళ్ళ సత్రంలో ఉన్నాను. మూటలు మోస్తున్నాను. ఆమె అవ్వ రోలు నేను పాడు చేశాను. కక్కులో ఏదో ఒకటి మర్చిపోయాను, అది ఏమిటో ఇప్పటికీ తెలియదు.

జిలాని


ఎమ్మిగనూరు,
30 జులై 1976

జిలానీ,

పైన ఊరి పేరు చూశావా? తప్పు రాయలేదు. ఇంతకు ముందు రాసిన రెండింటి మీద ఆదోని అని రాసిందే తప్పు.

నేను ఉలి ముట్టక రెండేళ్ళయింది. ఆదోనిలో ఇంటికో కరెంటు మిక్సీ వస్తోంది. మెయిన్ రోడ్డులో ఒక దుకాణంవాడు దాన్ని బల్ల మీద పెట్టి తిప్పి చూపిస్తుంటే, జనం సర్కసు చూసినట్టు చూశారు. వీధుల్లో పొద్దున్నుంచి అరిచినా ఒక్క రోలు దొరకలేదు. ఉలుల సంచి సర్దేసి ఎమ్మిగనూరు వచ్చేశాను. ఇక్కడ మగ్గాల అయ్యన్న దగ్గర నూలు మూటలు మోస్తున్నాను. హంపమ్మ గుంజల మీద నూలు చుట్టి ఆసు పోస్తోంది. నాయన మాత్రం రానన్నాడు, ఆదోనిలోనే మా అక్క ఇంట్లో ఉన్నాడు. నీకు చెప్పడానికి నాకు సిగ్గేసింది. నువ్వు పెద్ద హోటల్లో ఉన్నావు, నేను మూటలు మోస్తున్నానని ఎట్లా రాయాలి? నాయనను చూడ్డానికి పోయినప్పుడు ఆదోని అని రాసి పోస్టు చేసేవాణ్ణి.

నీ మే నెల ఉత్తరం ఆదోని ఇంట్లో, గూట్లో ముప్పై రోజులు పడి ఉండింది. అక్కకు చదువు రాదు, నేను పోలేదు. వెంటనే అంది ఉంటే నీకు తవుడు సంగతి తెలిసేది. ఇప్పటికి నా రెండో ఉత్తరం నీకు అందే ఉంటుంది. కాబట్టి ఆ డాక్టరు పన్నులో సగం నా మీద వెయ్యి.

ఇప్పుడు నాయన మాట విను. నీ ఉత్తరం వినిపిస్తే అంతా విని నవ్వినాడు. నాకు ఒళ్ళు మండింది. ఏమి నవ్వుతావు, వాని బతుకు పోయింది అన్నాను. ఆయన ఏమన్నాడంటే, "ఆ ముసిలామె రోట్లో సెయ్యి పెట్టి తియ్యలేదు అంటాండాడు కదా. పాడైన రోట్లో ఎవురన్నా అంతసేపు సెయ్యి పెడతారా? ఆమెకు ఏదో గ్యాపకం వచ్చినాది. వాన్ని తవుడు తీసుకుని పొమ్మని సెప్పు. వాకిట్లో నిలబడి, రోలు పాడు కాలేదు, ఇంకా మూడు దినాల పని ఉంది అని సెప్పమను."

పో. సిగ్గు పడుతూ కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు. నాలాగా అవుతావు.

ఉచ్చీరప్ప


బార్సిలోనా,
28 సెప్టెంబరు 1976

ఒరే ఉచ్చీరప్పా, ఒరే నా ఉచ్చీరప్పా,

మొన్న శనివారం ఈద్ అయింది. ఈ ఉత్తరం నీకు నా ఈద్ మిఠాయి అనుకో.

మొదటి నుంచి చెబుతాను, నువ్వు మధ్యలో చివరికి గెంతొద్దు. ఈ సీమలో దక్షిణాన వరి పండుతుంది. మార్కెట్లో బియ్యం అమ్మే ముసలాయనను బతిమాలి ఒక బస్తా తవుడు, పది శేర్ల నూకలు తెచ్చుకున్నాను. కోళ్ళు పెంచుతున్నావా అని అడిగాడు. అవునన్నాను. సెప్టెంబరు పదమూడున హోటలు వెనక వాకిట్లో బస్తాతో నిలబడ్డాను. రంజాన్ రోజా మీద ఉన్నాను, ఎండ మాడుస్తోంది. మార్తీ తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసేశాడు.

నేను కదలలేదు. కాసేపటికి రమేయమ్మ వచ్చింది. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తవుడు తీసి వాసన చూసింది. నేను నేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను. పెదనాయన చెప్పినవి రెండే ముక్కలు చెప్పాను. రోలు పాడు కాలేదు, మూడు రోజుల పని ఉంది.

ఆమె ఏమందో తెలుసా? "ఈడికి గాడిద మీద రోళ్ళకు కక్కు కొట్టే ఒకాయన వస్తాండె. ద్రాక్షలు కోసే కాలంలో. మా అమ్మ రోలు వాకిట్లోకి దొర్లిస్తాండె. నేను కాళ్ళతో తొక్కి పట్టుకుంటాంటి. యుద్ధం వచ్చినాక ఆయన రాలేదు. నేనూ మర్సిపోయినా. నువ్వు కొట్టిన రోట్లో సెయ్యి పెట్టేంత వరకూ ఆ మనిషే గ్యాపకం రాలేదు."

ఇక్కడి అంతర్యుద్ధం ముగిసి ముప్పై ఏడేళ్ళు. ముప్పై ఏడేళ్ళుగా, బయట ఫ్రెంచి వంటలు పెడుతున్నా, ఆమె లోపల ఆ పులుసు వండుతోంది, చెంచా కింద పెడుతోంది, ఇది కాదు అంటోంది. మొదట తప్పు తనదనుకుందట, తర్వాత బాదంపప్పుది అనుకుందట, తర్వాత వంటవాళ్ళది అనుకుందట. కాళ్ళతో రోలు తొక్కి పట్టుకున్నది నేనొక్కణ్ణే కాదురా, ఆమె కూడా.

"మరి నన్నెందుకు పొమ్మన్నావు రమేయమ్మా" అని అడిగాను. "నీ ముందర ఏడ్సడం నాకు ఇష్టం లేక" అంది.

మూడు రోజులూ ఇద్దరం దంచాం. ఆమె ఒక చేత్తో, నేను ఒక చేత్తో, ఒకే రోకలి. తొలిరోజు నీళ్ళ అడుగున గోరంత మందం ఇసుక. రెండోరోజు చిటికెడు. మూడోరోజు సాయంత్రం గిన్నెను దీపం కింద పెట్టి మార్తీ కూడా వంగి చూశాడు. నీళ్ళు తేట. నేను అయిపోయింది అనలేదు, ఇంకో రోజు దంచుదాం అన్నాను. పెదనాయనకు ఈ ముక్క తప్పక చెప్పు.

అయిదో రోజు పికాద దంచి పులుసులో కలిపాం. నేను రోజాలో ఉన్నాను గనక నోట పెట్టలేదు. రమేయమ్మ చెంచా ఎత్తింది. ఈసారి కింద పెట్టలేదు. ఇంకో చెంచా తిన్నది. ఇంకోటి. గిన్నె ఒళ్ళో పెట్టుకుని వంటింటి స్టూలు మీద కూర్చుని, మొత్తం తినేసింది. మార్తీ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను నా వయసు మర్చిపోయి ఏడ్చాను.

నా కుండలో నా పులుసు విడిగా కాచి, మూత పెట్టి, సూర్యుడు దిగేదాకా ఆమే కాపలా కూర్చుంది. ఖర్జూరంతో రోజా విడిచి మొదటి ముద్ద తిన్నాను. ఉచ్చీరప్పా, అది నాకు తెలిసిన రుచి కాదు. కాని తెలిసిన చెయ్యి అది. ఇంతకంటే ఎట్లా చెప్పాలో నాకు రాదు.

పళ్ళ డాక్టరు కూడా వచ్చాడు. మార్తీ స్వయంగా పోయి పిలుచుకొచ్చాడు. మొదట రొట్టెను మిగిలిన పళ్ళవైపు పెట్టి నమిలాడు. తర్వాత రెండువైపులా నమిలాడు.

పుస్తకం వాళ్ళు ఎప్పుడొస్తారో, వచ్చిపోయారో తెలియదు. రానీ. 'నాలాగా అవుతావు' అని రాశావే, ఆ మాట వెనక్కి తీసుకో. ఉలుల సంచి ఎక్కడ పెట్టావో వెతుకు.

నీ జిలాని


ఆదోని,
12 నవంబరు 1976

జిలానికి,

ఈసారి ఆదోని అంటే ఆదోనే.

నీ ఉత్తరం అయ్యన్న మగ్గం పక్కన నిలబడి చదివాను. మగ్గం ఆపి, "ఏమప్పా, ఎవురన్నా పోయినారా" అని అడిగాడు. లేదు, ఒకామె గిన్నెడు పులుసు తినింది అన్నాను. నాకు మతి పోయిందనుకున్నాడు. నెలాఖరుకు నూలు మూటలు దించి వచ్చేశాను.

నాయన నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు. నాలుగో రోజు దంచావన్న చోట చెయ్యెత్తి ఆపమన్నాడు. "మళ్ళీ సదువు" అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు ఆయన నోట నేను ఈ జన్మలో వినలేదు. నాకైతే ఎప్పుడూ రాలేదు.

వీధిలో అరవడం మానేశాను. పెళ్ళివంటలు చేసేవాళ్ళ ఇళ్ళకు, ఊరిమిండి పచ్చళ్ళు అమ్మే ఆడవాళ్ళ ఇళ్ళకు పోయి, వేలు పెట్టి చూడమంటున్నాను. జారితే వాళ్ళే నన్ను కూర్చోబెడుతున్నారు. మొన్న పెద్దకడుబూరులో తొమ్మిది, హొళగుందలో ఆరు. హొళగుందలో ఒకామె కన్నడంలో తిట్టి తరిమింది, సాయంత్రం తానే పిలిపించింది. మిక్సీ పక్కన రోలు పెట్టించి, ఒకే పప్పు రెండింట్లో చేయించి తినిపించడం హంపమ్మ ఆలోచన. ఆ తర్వాత నేను మాట్లాడే పని ఉండటం లేదు.

నక్షత్రం వస్తే రాయి. రాకపోయినా రాయి.

ఉచ్చీరప్ప


బార్సిలోనా,
9 ఏప్రిల్ 1977

వచ్చింది.

పుస్తకంలో మా పేరు పక్కన నక్షత్రం. మార్తీ బ్యాంకువాళ్ళను భోజనానికి పిలిచి, స్థలం ఇవ్వనని పులుసు తినేటప్పుడు చెప్పాడు. వాళ్ళు బాధ పడ్డారో లేదో తెలియదు గాని గిన్నెలు మాత్రం రొట్టెతో తుడిచి పెట్టారు. నాకు కొత్త తెల్లకోటు ఇచ్చారు, గుండీలు రెండు వరుసలు. ఫొటో పంపుతున్నాను. వెనక కనిపించేది రోలు. దానికి నాకంటే మంచి చోటు ఇచ్చారు.

జిలాని


బార్సిలోనా,
3 అక్టోబరు 1984

ప్రాణస్నేహితుడు ఉచ్చీరప్పకు,

ఈసారి కవరు మందంగా ఉంది కదా. అన్నీ ఒకేసారి బయటికి లాగొద్దు, నేను చెప్పే వరసలో తీయి.

మొదట అట్ట కార్డు. మా హోటలుకు ఈ ఏడు నూరేళ్ళు. పారిస్ నుంచి కూడా మనుషులు వచ్చి, నెల ముందు పేరు రాయించుకుని తింటున్నారు. వంటల జాబితా వెనక హోటలు చరిత్ర అచ్చు వేయించాలని మార్తీ ఎవరో పండితుని చేత నాలుగు పేజీలు రాయించాడు. రమేయమ్మకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. చదివి, "దీంట్లో ఎవురూ వండలేదు, ఎవురూ దంచలేదు" అని చింపేసి, తానే రాసింది. మూడే ముక్కలు. నీకోసం తెలుగు చేశాను:

"1884. బండ్లవాళ్ళ కోసం రమేయ్ అవ్వ పొయ్యి వెలిగించింది.

1939. యుద్ధం ముగిసింది. రోలుకు కక్కు కొట్టే మనిషి రాలేదు. రుచి పోయింది.

1976. ఆదోని నుంచి రుచి తిరిగి వచ్చింది. కక్కు కొట్టినవాడు జిలాని బాషా. ఎట్లా కొట్టాలో చెప్పినవాళ్ళు హనుమన్న, ఆయన కొడుకు ఉచ్చీరప్ప."

పేర్లు వాళ్ళ అక్షరాల్లో ఎలా ఉంటాయో కింద గీత గీశాను. చూసుకో.

రెండోది పేపరు ముక్క. ఆ కార్డు చూసి ఒక పత్రికవాడు మా రోలు కథ రాశాడు. ఆ మరుసటి ఆదివారం నుంచి మొదలైంది. పల్లెల నుంచి ఆడవాళ్ళు, వేరే హోటళ్ళవాళ్ళు, ఒక బడి పంతులు, అటకల మీద, కోళ్ళగూళ్ళలో పడి ఉన్న వాళ్ళ అమ్మల రోళ్ళు తెచ్చి మా వెనక వాకిట్లో దించి పోతున్నారు. ముప్పై ఆరు ఉన్నాయి. అన్నిటికీ చీటీలు కట్టి ఉన్నాయి. ఫొటోలో చూడు, పెళ్ళిలో బంతికి కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాయి.

మా రోలుకు ఇన్నేళ్ళూ నేనే కొడుతూ వచ్చాను, చెడగొట్టలేదు. కాని ఒకటి కొట్టడం వేరు, ఒక్కో రాయికి ఒక్కో ఉలి తెలియడం వేరు. రమేయమ్మను అడిగితే, "ఇన్నాళ్ళు సిన్నోడు కొట్టినాడు. ఇప్పుడు పనోన్ని పిలిపించు" అంది. నాకు నలభై మూడేళ్ళు, నేను సిన్నోణ్ణి.

మూడోది ఆహ్వానం ఉత్తరం, హోటలు ముద్రతో. రానూపోనూ విమానం టిక్కెట్టు బొంబాయిలో నీ పేరు మీద ఉంటుంది. వచ్చే ఏడు ద్రాక్షల కాలంలో రా. ఆమె చిన్నప్పుడు ఆ మనిషి వచ్చేది అప్పుడే. గాడిద మాత్రం ఏర్పాటు చేయలేకపోయాను.

నీ జిలాని


ఆదోని,
17 జూన్ 1985

జిలానికి,

పాస్‌పోర్టు పని అయ్యాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. నువ్వు చెప్పిన వరసలోనే తీశాను. కార్డు దగ్గరే ఆగిపోయి, మిగతావి మరుసటిరోజు తీశాను.

నాయనకు ఇప్పుడు చూపు ఆనదు. కార్డు మీద ఆయన పేరున్న చోట వేలు పెట్టించాను. అచ్చు కదా, వేలికేమి తెలుస్తుంది. అయినా అటూ ఇటూ లాగి చూశాడు. "నున్నగ ఉండాది" అన్నాడు. ఇంట్లో అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వాడు. తర్వాత చాలాసేపు కార్డు ఛాతీకి ఆనించుకుని పడుకున్నాడు.

ముప్పై ఆరు రోళ్ళు అని చెబితే వెంటనే, "దినానికి మూడు. పన్నెండు దినాలు. తవుడుకు మూడు. నాలుగో దినం జిలానీకి" అన్నాడు. ఆయన చిన్న ఉలి, బియ్యపుగింజ మొనది, ఇన్నేళ్ళు నన్ను ముట్టనివ్వనిది, దిండు కింద నుంచి తీసి ఇచ్చాడు. మొనకు నూనె రాసి ఉంది. ఎప్పుడు రాసుకుంటున్నాడో ఎవరికీ తెలియదు.

పాస్‌పోర్టు కోసం హైదరాబాదు పోయాను. కిటికీ దగ్గర కూర్చున్నాయన మర్యాదస్థుడు, ఫారం ఆయనే నింపాడు. పేరు, ఊరు, తండ్రి పేరు అయినాక, పని దగ్గర 'కూలి' అని రాయబోయాడు. తొమ్మిదేళ్ళ కిందైతే రాయనిచ్చేవాణ్ణి.

"అట్ల రాయద్దు సార్" అన్నాను.

"మరేం రాయమంటావప్పా?"

"రోళ్ళకు కక్కు కొట్టేవాడు అని రాయండి."

ఆయన కలం ఆపి నా వైపు చూశాడు. దాని కోసం ఎవరైనా స్పెయిన్ పోతారా అని అడిగాడు. నేను కార్డు తీసి, గీత గీసిన చోట చూపించాను. ఆ భాష ఆయనకు రాదు, కాని ఫారంలో రాసిన పేరు, కార్డులోని పేరు, ఒక్కో అక్షరం పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. రెండూ ఒకటే. అప్పుడు కుర్చీ సర్దుకుని, నేను చెప్పింది చెప్పినట్టు రాశాడు. గడిలో చోటు చాలక రెండో గడిలోకి పోయింది.

సెప్టెంబరు తొమ్మిదిన దిగుతాను. రోళ్ళన్నిటినీ తడి ఇసుకలో కుదురుగా పెట్టించు. రమేయమ్మ రోలుతో మొదలుపెడతాను. తొక్కి పట్టుకోడానికి నువ్వు ఒక పక్క, ఆమె ఒక పక్క.

ఉచ్చీరప్ప